గ్రామ కాపలా సంఘము: దానిని నెలకొల్పు విధము

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల సహకార సంఘ సభ్యులకు)

రైతు విత్తు వేసిన నాటినుండి గింజ యిల్లు చేరువఱకు కాపలా లేనిదే పంట దక్కదు. జొన్నచేనిలో మంచె వేయుదుము. పిట్టలకు వడిసెల పట్టుదుము. కూరపాదులకు ముండ్లకంచె నాటుదుము. కళ్లమున రాసి పోసినపుడు దాని ప్రక్కనే పరుందుము. కావున కాపలా యనునది మనకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. మారినది దొంగ చూపు. పూర్వము పంటమీద నుండిన యా చూపు నేడు పంట పండించు సాధనముల మీదికి తిరిగినది. బోరు మోటారు, దానికి పోవు రాగి తీగ, స్టార్టరు పెట్టె, ట్రాన్స్‌ఫార్మరులోని రాగి చుట్లు, ట్రాక్టరు బ్యాటరీ, డ్రిప్పు గొట్టములు, ఇవన్నియు ఊరికి దూరముగా, రాత్రియంతయు కాచువారు లేక పడియుండునవి.

ఈ నెల పాఠమునకు కాపలా సంఘమను విషయమును గైకొనుచున్నాము. చదువు వచ్చిన సభ్యులు దీనిని సభలో చదివి వినిపించి, చివర నున్న ప్రశ్నలపై చర్చ జరుపవలెనని కోరుచున్నాము.

1. నష్ట మెవరిది?

తీగ కోసికొనిపోయిన వాడు దానిని పాత సామానుల కొట్టులో తూకమునకు అమ్మును. వానికి దక్కునది రాగి వెల మాత్రమే. రైతునకు పోవునది అంతకు ఎన్నో రెట్లు. క్రొత్త తీగ కొనవలెను; పనివారిని పిలిపింపవలెను; అంతవఱకు మడి యెండును. వరి పొట్టదశలో నీరు తప్పినచో తాలు గింజ యెక్కువగునని మీ రెఱుగుదురు. ట్రాన్స్‌ఫార్మరు విషయమున నష్టము మఱింత పెద్దది. దొంగ నూనె పాఱబోసి, రాగి చుట్లు తీసికొని, డబ్బా నచ్చటనే విడిచిపోవును. దాని క్రింద నున్న బోర్లన్నియు ఒక్క రాత్రిలో మూగవోవును. అనేకులకు ఒక్కసారి తగులు దెబ్బకు ఒక్కడు చేయగల విరుగుడు లేదు. అప్పు, ఎరువు, విత్తనము విషయములలో మన మెట్లు కూడి పనిచేయుచున్నామో, ఈ విషయమునను అట్లే కూడి పనిచేయవలసియున్నది.

2. మన ప్రాంతపు స్థితి

సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద నున్నవి. మిర్యాలగూడ మీదుగా నార్కెట్‌పల్లి-అద్దంకి రహదారియు, గుంటూరు వైపు పోవు రైలు మార్గమును సాగుచున్నవి. కోదాడ దాటి కొంత దూరము పోగానే రాష్ట్రపు సరిహద్దు వచ్చును. 2016 అక్టోబరులో నల్లగొండ జిల్లాను విభజించిన పిదప మొదటి రెండు పట్టణములు సూర్యాపేట జిల్లాలోను, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోను ఉన్నవి. మన ధాన్యమును మిల్లునకు చేర్చు రహదారియే దొంగసొత్తును తెల్లవాఱకముందే జిల్లా దాటించును. కావున ఈ ప్రాంతమున సమాచారము నిమిషములలో పోవలెను. మఱునాడు మధ్యాహ్నము ఠాణాకు పోయి చెప్పుట, దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లగును.

దొంగతనములకు కూడ పంటలవలెనే అదనులు కలవు. వాని నెఱిగియుండుట కాపలాదారు మొదటి పని.

నాట్లు, పత్తి తీతల దినములలో ఇంటిల్లిపాదియు చేనికి పోవును గనుక పగలే ఇండ్లు ఖాళీగా నుండును. కోతల కాలమున కొనుగోలు కేంద్రములలో ధాన్యపు రాసులు, గోనెసంచులు, టార్పాలినులు బయట నుండును. నాగార్జునసాగరు ఎడమ కాలువకు 1967లో నీరు వచ్చిన తరువాత ఈ ప్రాంతము వరికి పెట్టినది పేరయినది. ఆ వరి యంతయు కొలది వారములలోనే కోతకు వచ్చుటచే మిర్యాలగూడ మిల్లుల యెదుట ట్రాక్టర్లు రాత్రివేళ బారులు తీరుట మనము చూచుచున్నదే. వేసవిలో జనము మిద్దెలపైనను వాకిళ్లలోను నిద్రించుటచే తలుపులు తెఱచియుండును. రెండేండ్ల కొకసారి వచ్చు దురాజుపల్లి పెద్దగట్టు జాతరకు ఊళ్లకు ఊళ్లే బండ్లు కట్టుకొని పోవును. అమావాస్య ముందు వెనుకల రాత్రులు వేఱుగ చెప్పనక్కఱలేదు.

3. పూర్వపు కాపలా నేర్పిన పాఠము

నిజాము కాలమున మన గ్రామములలో కాపలా పోలీసు పటేలు చేతిలో నుండెడిది. ఆయన క్రింద శేత్‌సింధీలు, తలారులు తిరిగెడివారు. ఊరిలోనికి ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి, ఎవని పశువు తప్పిపోయినది అన్నియు వారికి తెలిసియుండెడివి. ఏర్పాటు చూచుటకు బాగుగనే యుండెను. కాని యా అధికారము వంశపారంపర్యముగ ఒక్క యింటిలో నిలిచిపోయినది. పటేలునకు లెక్క అడుగువారు లేరు. కాచుటకిచ్చిన కఱ్ఱ వెట్టి చేయించుటకు అక్కఱకు వచ్చెను. కంచెయే చేను మేసినట్లయినది. 1984లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పటేలు, పట్వారీ యుద్యోగములను రద్దు చేసినపుడు ఊళ్లలో పలువురు ఊపిరి పీల్చుకొనుటకు ఇదియే కారణము. అయితే పటేలుతో పాటు కాపలా కూడ పోయినది; దాని చోట మఱియొకటి స్థిరముగా నిలువలేదు.

రెండవ విధమైన కాపలా కూడ మన తాలూకాలలోనే పుట్టినది. 1946 నుండి సూర్యాపేట, హుజూర్‌నగరు, జనగామ తాలూకాల రైతులు గుత్పలు చేతబట్టి దళములుగా నేర్పడి, దేశముఖుల మనుష్యులను, తరువాత రజాకారులను ఎదుర్కొనిరి. నాటి నల్లగొండ జిల్లాలోని బైరాన్‌పల్లి ప్రజలు ఊరి బురుజును ఆధారము చేసికొని కాపలా నిలిపి, రజాకారుల దాడులను త్రిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27న పెద్దబలగముతో, తుపాకులతో వచ్చి పడినపుడు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది.

ఈ రెండింటినుండియు మనము గ్రహింపవలసిన దేమి? ఊరందఱు వంతులవారీగా కాచిన కాపలాకు బలము కలదు. ఒక్కని చేతిలో నుండు కాపలా కొంతకాలమునకు ఊరిమీద సవారి చేయును. రజాకారుల కాలమున ప్రభుత్వమే ప్రజలమీద పడినది గనుక కఱ్ఱ పట్టవలసి వచ్చెను. నేడు చట్టమును న్యాయస్థానములును ఉన్నవి. కాపలాదారు పని చూచుట, మేల్కొలుపుట, తెలుపుట. ఈ మూడింటితో అతని పని ముగియును. శిక్షించుట అతని పని కాదు.

4. ఇతర దేశముల అనుభవము

ఇటువంటి సంఘములు విదేశములలోను కలవు. అమెరికాలో 1972లో అచ్చటి షెరీఫుల జాతీయ సంఘము ఇరుగుపొరుగు కాపలా పథకమును ఆరంభించెను. ఇంగ్లాండులో మొదటి సంఘము 1982లో చెషైరు మండలములోని మోలింగ్‌టన్ అను పల్లెటూరిలో ఏర్పడినది. మన దేశమున కర్ణాటకయందు 1964లోను, అస్సామునందు 1966లోను గ్రామ రక్షణ దళములకు ప్రత్యేక చట్టములే చేయబడినవి.

అమెరికా అనుభవములో నొక హెచ్చరికయు కలదు. 2012 ఫిబ్రవరి 26 రాత్రి ఫ్లోరిడా రాష్ట్రములోని శాన్‌ఫర్డు పట్టణమున కాపలా సంఘపు స్వచ్ఛంద సేవకు డొకడు, దుకాణమునుండి తిరిగి వచ్చుచున్న ట్రేవాన్ మార్టిన్ అను పదునేడేండ్ల బాలుని అనుమానించి పోలీసులకు టెలిఫోను చేసెను. అంతవఱకు అతడు చేసినది సరియైన పనియే. పిదప అతడు బండి దిగి వెంటపోవుచుండగా, వెంట పోనక్కఱలేదని అవతలి యుద్యోగి చెప్పెను. అతనియొద్ద తుపాకి యుండెను, బాలుడు మరణించెను. బాలునియొద్ద ఆయుధ మేమియు లేదు. మఱుసటి సంవత్సరము న్యాయస్థానము ఆ సేవకుని నిర్దోషిగా విడిచిపెట్టినది. కాని పోయిన ప్రాణము తిరిగి రాలేదు. టెలిఫోను చేసి నిలిచిపోయి యున్నచో ఆ రాత్రి ఎవరికిని కీడు కలుగకుండెడిది.

5. 2018 మే నెల

అంత దూరము పోనేల? 2018 మే నెలలో దొంగల ముఠాలు దిగినవనియు, పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారనియు వాట్సాపులో వదంతులు మన రాష్ట్రమంతట వ్యాపించినవి. ఎచ్చటిదో, ఎప్పటిదో యైన బొమ్మకు మన ఊరి పేరు తగిలించి పంపుచుండిరి. పల్లెలలో యువకులు కఱ్ఱలు పట్టుకొని రాత్రులు తిరుగనారంభించిరి. వారి యుద్దేశము మంచిదే. నియమము మాత్రము లేదు. పూర్వము మన జిల్లాలోనిదే యైన బీబీనగరు మండలమున, బంధువుల యూరికి వచ్చిన యొక ఆటో నడుపువానిని దొంగయని తలచి గుంపు కొట్టగా అతడు చనిపోయెను. హైదరాబాదులోను, నిజామాబాదు జిల్లాలోను ఇట్లే అమాయకులు హతులైరి. ఆ ఊళ్లలో దొంగ పట్టుబడలేదు. కొట్టినవారు మాత్రము నేరస్థులై ఖైదు పాలైరి.

అదే కాలమున జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి గారు మఱియొక మార్గము పట్టిరి. ఒక్కొక్క కానిస్టేబులునకు కొన్ని గ్రామములను అప్పగించి, అతడు పలుమార్లు పోయి జనముతో మాటలాడునట్లు చేసిరి. డప్పు వాయించి చాటింపు వేయించిరి. పాటలు కట్టించి పాడించిరి. వచ్చిన వార్త నిజమో కాదో ఆ కానిస్టేబులును అడిగి తెలిసికొమ్మని నేర్పిరి. ఆ పరిధిలోని సుమారు 400 గ్రామములలో వదంతుల వలన ఒక్క ప్రాణమును పోలేదు. భయ మచ్చటను ఉండెను. దొంగల కథలు అచ్చటను వచ్చెను. అడిగి తెలిసికొనుటకు నమ్మదగిన మనిషి యొకడుండుటయే భేదము.

6. సంఘము నెలకొల్పు క్రమము

(క) మొదటి సభ. సహకార సంఘ సర్వసభ్య సభలోగాని గ్రామసభలోగాని విషయమును ప్రస్తావింపవలెను. సర్పంచిని, ఠాణాలో మీ గ్రామమునకు కేటాయింపబడిన పోలీసు అధికారిని, లైన్‌మనును పిలువవలెను. గడచిన రెండు సంవత్సరములలో ఊరిలో ఏమేమి పోయినవో, ఏ నెలలో, ఏ చోట పోయినవో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. పురుగు ఎచ్చట పడినదో చూడకయే మందు కొట్టుట యెంత వ్యర్థమో, ఈ పట్టిక లేకయే గస్తీ తిరుగుట యంత వ్యర్థము.

(చ) సభ్యులు. ఊరిలోని ప్రతి వాడకును పాలు ఉండవలెను. దళితవాడ, తండా, గొల్లవాడ మొదలుకొని కౌలుదారులు, కూలీలు అందఱు చేరవలెను. ఒక వాడ చేరని కాపలా ఆ వాడమీది కాపలాగ మారిపోవును. మహిళా సంఘములవారిని తప్పక పిలువవలెను. పగటివేళ ఊరిని చూచు కన్నులు వారివే. త్రాగి తిరుగువారిని, పాత పగలు తీర్చుకొనదలచినవారిని, తమ పార్టీ పనికి వాడుకొనదలచినవారిని చేర్చుకొనరాదు. పదునెనిమిది యేండ్లలోపు బాలురను రాత్రి గస్తీకి పంపరాదు.

(ట) పెద్దలు. ఐదుగురితో కమిటీ చాలును: ఒక నాయకుడు, పుస్తకము వ్రాయు కార్యదర్శి, డబ్బు చూచు కోశాధికారి, మఱి యిద్దఱు సభ్యులు. ఇద్దఱైనను స్త్రీలు ఉండుట మంచిది. నాయకత్వము ఏటేట మారవలెను. పటేలు కథ మఱువరాదు.

(త) వంతులు. ఊరిలో 240 ఇండ్లు వంతునకు ఒప్పుకొన్నవనుకొనుడు. రాత్రికి ఎనమండుగురు: నలుగురు పదిగంటలనుండి ఒంటిగంటవఱకు, నలుగురు ఒంటిగంటనుండి నాలుగింటివఱకు. ఈ లెక్కన ప్రతి యింటికి నెలకు ఒక్క వంతు వచ్చును, అదియు మూడుగంటలు మాత్రమే. ఊరు చిన్నదైనచో ఏడాది పొడుగున తిరుగనక్కఱలేదు. పైన చెప్పిన అదనులలో తిరిగిన చాలును. వితంతువులు, వృద్ధులు, రోగులు ఉన్న యిండ్లకు వంతు వేయరాదు; వారి యిండ్లను మాత్రము తప్పక చూడవలెను. వంతు తప్పినవానికి జుల్మానా వేయుటకంటె ముందు కారణమడిగి, మఱియొక దినము కేటాయించుట మేలు. బలవంతముపై నిలిచిన సంఘము పంటకాలము కూడ నిలువదు.

(ప) సామగ్రి. నాలుగు టార్చిలైట్లు, ఎనిమిది ఈలలు, మెఱయు పట్టీలు గల తొడుగు చొక్కాలు, ఒక పుస్తకము, ఒక కలము. కుక్కలను, పాములను తప్పించుకొనుటకు ఊతకఱ్ఱ యుండవచ్చును. కత్తి, గొడ్డలి, బరిసె వలదు. చేతిలో ఆయుధమున్న చీకటిలో తొందరపాటు పెరుగును.

(య) ఖర్చు. ఇంటికి నెలకు పది రూపాయలు వేసినను 240 ఇండ్లకు 2,400 రూపాయలు అగును. ఈ సొమ్ము కోశాధికారి వేఱు ఖాతాలో నుంచి, నెలకొకసారి లెక్కను పంచాయతీ గోడపై అంటింపవలెను. దారిలో పోవు బండ్లను ఆపి చందా లడుగుట కూడదు. అట్లు చేసిన నాడే సంఘము చెడినదని తెలియుడు.

7. గస్తీ తిరుగు పద్ధతి

జంటగాగాని నలుగురుగాగాని తిరుగవలెను, ఒంటరిగా పోరాదు. ప్రతి దినము ఒకే వేళకు, ఒకే దారిన పోరాదు. తిరుగవలసిన స్థలముల పట్టికను ముందే వ్రాసికొనవలెను: ఊరి రెండు చివరలు, ట్రాన్స్‌ఫార్మరులు, కొనుగోలు కేంద్రము, సహకార సంఘపు గోదాము, పశువుల కొట్టములు, తాళము వేసిన యిండ్లు. దూరపు చేలకు రాత్రి నడిచి పోవుటకంటె, అచ్చట పడుకొను రైతుల ఫోను నెంబర్లు దగ్గఱ నుంచుకొని గంట కొకసారి పలుకరించుట క్షేమము.

అనుమానాస్పదమైన దేదైన కనబడినచో దూరముననే నిలువవలెను. బండి నెంబరు, రంగు, ఎందఱున్నది, ఏ దిక్కునకు పోయినది గమనింపవలెను. వెంటనే 100 లేక 112 నెంబరునకు ఫోను చేసి, ఊరు, మండలము, గుర్తు చెప్పవలెను. పిదప నాయకుని లేపవలెను. ఈలల సంకేతము ఊరందఱికి ముందే తెలిసియుండవలెను: ఒక పొడుగు ఊత ‘క్షేమము’, మూడు పొట్టి ఊతలు ‘లెండు, దీపములు వేయుడు’. దీపములు వెలిగి జనము లేచినచో దొంగ సాధారణముగ పాఱిపోవును. అతడు పాఱిపోయినను సొత్తు దక్కినది గదా! తరుముట మన పని కాదు.

తెగిన కరెంటు తీగను తాకరాదు. లైన్‌మనును పిలువవలెను, లేదా విద్యుత్తు శాఖవారి 1912 నెంబరునకు చెప్పవలెను.

ఎదుటివాని యొద్ద ఏ ఆయుధమున్నదో చీకటిలో మన మెఱుగము. 2015 ఏప్రిల్ మొదట అర్ధరాత్రివేళ సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేయుచున్న పోలీసులపై దుండగులు తుపాకులు పేల్చగా ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు మృతినొందిరి. కొలది దినములలో జానకీపురము వద్ద జరిగిన ఎదురుకాల్పులలో గాయపడిన సబ్ ఇన్‌స్పెక్టరు కూడ తరువాత ఆసుపత్రిలో ప్రాణము విడిచెను. శిక్షణ పొందినవారికే యట్టి యాపద సంభవించినపుడు ఊతకఱ్ఱతో పోవు రైతు ముందునకు దూకుట సాహసము కాదు, అవివేకము.

8. కాపలా పుస్తకము

ప్రతి రాత్రి పుస్తకము వ్రాయవలెను. తేదీ, గంట, స్థలము, చూచినది, చేసినది, సంతకములు అని ఆఱు గళ్లు చాలును. మాదిరి కొఱకు ఒక పద్దు: “రాత్రి 1-20. చెఱువుకట్ట ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కన దీపము లార్పిన చిన్న లారీ. నెంబరు వ్రాసికొంటిమి. 100కు చెప్పితిమి. 1-35కు కోదాడ వైపు పోయినది. మేము వెంటపోలేదు.” విశేషమేమియు లేని రాత్రియు “విశేషము లేదు” అని వ్రాయవలెను. కండ్లతో చూచినదే వ్రాయవలెను. ఎవని కులము, నడవడి గుఱించిన మాటలు అందులో ఉండరాదు. వారమున కొకసారి పోలీసు అధికారి చూచి సంతకము చేసినచో ఠాణాకును ఊరికిని నడుమ నమ్మకము కుదురును. ఈ పుస్తకము దొంగను పట్టుటకు ఎంత సాయపడునో, మన సభ్యుని మీద అబద్ధపు నిందపడినపుడు అతనిని కాపాడుటకును అంత సాయపడును.

9. చట్టము చెప్పునది

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినవి. వానిలో మన కక్కఱపడునవి ఇవి.

ఒకటి: తన కండ్లయెదుట జామీనుకు వీలులేని, పోలీసులు వారంటు లేకయే పట్టదగిన నేరము చేసినవానిని సామాన్యుడును పట్టవచ్చును. కాని అనవసరపు జాగు చేయక, ఎట్లయినను ఆఱు గంటలలోపల పోలీసులకు అప్పగింపవలెను. అనుమానము చాలదు, కండ్ల యెదుట జరిగియుండవలెను.

రెండు: తన శరీరమును, సొత్తును కాపాడుకొను హక్కు అందఱికి కలదు. రక్షణకు కావలసినంత మేఱకే బలము వాడవలెను. పట్టుబడి చేతులు కట్టబడినవానిని కొట్టుట రక్షణ కాదు, నేరము.

మూడు: కులము, మతము, భాష, పుట్టిన చోటు వంటి కారణములచే ఐదుగురు లేక అంతకు మించినవారు కూడి ఒకని చంపినచో, ఆ గుంపులోని ప్రతివానికిని మరణశిక్షగాని యావజ్జీవ ఖైదుగాని విధింపవచ్చును. “నేను కొట్టలేదు, ప్రక్కన నిలిచితిని” అను మాట సులభముగా చెల్లదు. గుంపు హింసను అణచుటకు ప్రభుత్వములు చేయవలసిన పనులను సుప్రీంకోర్టు 2018 జూలై 17ననే నిర్దేశించినది.

నాలుగు: నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను మీకు దగ్గఱి ఠాణాలో ఫిర్యాదు ఇయ్యవచ్చును. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగ పొందుట మీ హక్కు.

10. పరాయివారి విషయము

నాట్లకు ఉత్తరాదినుండి కూలీలు వత్తురు. మిర్యాలగూడ మిల్లులలో బీహారు హమాలీలు పనిచేయుదురు. కోతల తరువాత బాతుల కాపరులు మడులలో దిగుదురు. సంక్రాంతికి గంగిరెద్దులవారు, బుడగజంగాలు వత్తురు. మన పంటకు వీరు కావలెను, మన పండుగకు వీరు కావలెను. ఒక వస్తువు పోగానే మొదటి అనుమానము మాత్రము వీరిమీదనే పడును. ఇది న్యాయము కాదు. పుట్టుకనుబట్టి దొంగయని ముద్రవేయు చట్టము నొకదానిని 1871లో ఆంగ్లేయులు చేసిరి. మన ఎరుకల సోదరు లెందఱో దాని క్రింద తరతరములు హాజరు పట్టీలలో మగ్గిరి. స్వతంత్ర భారతము 1952లో ఆ చట్టమును తొలగించినది. చట్టము పోయినను తలపు మిగిలిపోరాదు.

కావున బయటివారు ఊరికి వచ్చిన దినముననే కమిటీవారిద్దఱు పగటివేళ పోయి పలుకరింపవలెను. పేరు, ఊరు, వారిని పిలిపించిన రైతు పేరు, ఫోను నెంబరు మర్యాదగా తెలిసికొని, మన నాయకుని నెంబరు వారికి ఇయ్యవలెను. వారి గుడిసెలను కూడ గస్తీ పట్టికలో చేర్చవలెను. కాపాడబడువాడు కాపలాదారగును. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడనునది కూడ జ్ఞాపకముంచుకొనుడు. ఏ మోటారు ఎచ్చట నున్నదో ఊరివానికి తెలిసినట్లు పరాయివానికి తెలియదు.

11. సొత్తుకు గుర్తు

మోటారు, స్టార్టరు, స్ప్రేయరు, ఇంజను వీనిపై సులభముగా చెఱుగని విధముగ మీ గుర్తును పోగర వేయింపుడు. తయారీ నెంబరును, కొనిన రసీదును, ఒక ఫోటోను భద్రపఱచుడు. గుర్తు లేని సొత్తు దొరకినను “ఇది నాది” యని నిరూపించుట కష్టము. గొఱ్ఱెలకు చెవిపోగులు వేయింపుడు. దగ్గఱి పాత సామానుల కొట్ల వారితో కమిటీ మాటలాడి, గుర్తున్న వస్తువు వచ్చినచో తెలుపుమని కోరుట మంచిది.

సి.సి. కెమెరాలను “నేను సైతం” కార్యక్రమము క్రింద పలు గ్రామములు చందాలతో పెట్టుకొన్నవి. కెమెరా మంచిదే, కాని అది దొంగను ఆపదు, చూపును మాత్రమే. ఊరి ప్రవేశమున, బండి నెంబరు కనబడు ఎత్తున ఉంచి, చెడినచో బాగుచేయువా డెవడో ముందే నిర్ణయింపవలెను. ఇరుగుపొరుగు ఆడువారి వాకిళ్లవైపు త్రిప్పరాదు. అందలి చిత్రములను పోలీసులకు దప్ప ఎవరికిని ఈయరాదు.

12. ఫోనులో వచ్చు దొంగ

నేటి దొంగలలో కొందఱు ఊరికి రానే రారు. బ్యాంకువారమనియు, ప్రభుత్వ పథకపు సొమ్ము వచ్చినదనియు, పోలీసులమనియు చెప్పి ఓ.టి.పి. అడుగుదురు. ‘డిజిటల్ అరెస్టు’ అనునది ఏ చట్టములోను లేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, ఆ గంటలోనే 1930 నెంబరునకు చెప్పవలెను. ఎంత త్వరగా చెప్పిన, బ్యాంకులో ఆ సొమ్మును ఆపు అవకాశము అంత హెచ్చు. కాపలా సంఘపు సభలో ప్రతి నెలయు ఈ మాట నొకసారి చెప్పుడు.

ఊరి వాట్సాపు గుంపులో “దొంగలు వచ్చిరట” అను వార్త వచ్చినచో ముందునకు పంపరాదు. నాయకుడు ఠాణాను అడిగి నిజమో కాదో వ్రాయువఱకు ఆగవలెను. ఆ ఆగుటయే 2018లో కొందఱి ప్రాణములను కాపాడియుండెడిది.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. గడచిన రెండేండ్లలో మన ఊరిలో ఏమి పోయినవి? ఏ నెలలో, ఏ చోట?
2. ఏ వాడవారు నేటి సభకు రాలేదు? వారిని పిలువబోవు వారెవరు?
3. అర్ధరాత్రి క్రొత్తవాడు కనబడినచో మొదట చేయవలసినదేమి? చేయరాని దేమి?
4. పట్టుబడినవానిని ఎన్ని గంటలలోపల పోలీసులకు అప్పగింపవలెను?
5. మన గ్రామమునకు కేటాయించిన పోలీసు అధికారి పేరు, ఫోను నెంబరు ఎందఱికి తెలియును?
6. కాపలా పుస్తకము ఎవరు వ్రాయుదురు? లెక్క ఎవరు చూపుదురు? నాయకుడు ఎప్పుడు మారును?

ఈ యాఱు ప్రశ్నలకు సభ యేకముగా జవాబు చెప్పగలిగిన నాడు వంతుల పట్టిక వ్రాయుడు. అంతవఱకు గస్తీ ఆరంభింపకుండుటయే మేలు.